నలుపు చూసే గది

మా షాపు వెనక గదికి కిటికీ ఉంది. కాని నేను కొండాపూర్‌కి కాపురానికి వచ్చిన నాటినుంచీ దాని మీద నల్ల కాగితమే. తలుపు సందుల్లో పాత చీర పేలికలు కుక్కి ఉంటాయి. పట్టపగలు పన్నెండింటికి లోపలికెళ్ళి తలుపేసుకున్నా మన చెయ్యి మనకి కనపడదు. కొత్తలో ఆ గదిలో అడుగు పెట్టాలంటే నాకు బెదురుగా ఉండేది. టీవీలు బాగుచేసేవాళ్ళకి ఇంత చీకటెందుకండీ అని అడిగితే మావారు నవ్వేవారు. తెలుపు ఎక్కడ కూర్చుని చూసినా తెలుపేనట, నలుపు చూడ్డానికే గది కావాలట.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఉబ్బసం. గోదావరి పక్క మా ఊళ్ళో తాతయ్యే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించారు, పద్యాలు నోటికి చెప్పించారు, చేతికి తులసిమాల ఇచ్చారు. మిగిలిన చదువంతా పెళ్ళయ్యాక, మావారి పక్కన పీట వేసుకుని. స్క్రూలు ఏ వరసలో విప్పాలి, అద్దం వేలిముద్ర పడకుండా ఎలా ఎత్తాలి, అన్నీ ఆయనే నేర్పారు. గడప దాటకుండానే ఇద్దరు గురువులు దొరికారు నాకు. భగవంతుడు నా మీద చూపించిన దయల్లో ఇదొకటని ఇప్పటికీ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను.

పల్చటి టీవీ లోపల ఏముంటుందో రెండు ముక్కలు చెప్పకపోతే ఆ గది సంగతి అర్థం కాదు. తెర మీద బొమ్మకి సొంత వెలుగు లేదు. అద్దం వెనక, ఫ్రేము అంచున, బియ్యపు గింజలంత ఎల్ఈడీ దీపాలు వరసగా ఒక పట్టీ మీద ఉంటాయి. టీవీ పెట్టినంతసేపూ అవి తెల్లగా వెలుగుతూనే ఉంటాయి. వాటి ముందు లక్షల కొద్దీ చిన్న చిన్న తలుపులు. తెలుపు కావాలంటే తలుపు తెరుచుకుంటుంది, నలుపు కావాలంటే మూసుకుంటుంది. ఎంత మూసినా సందుల్లోంచి కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది. చవక టీవీల్లో నలుపు నలుపుగా ఉండక బూడిద కలిపినట్టుండేది అందుకే. తెలుపుకీ నలుపుకీ మధ్య ఎడం ఎంత ఉంటే బొమ్మకి అంత ప్రాణం. షోరూముల్లో కాంట్రాస్టు అని చెప్పి అమ్మేది దాన్నే.

మావారికి ఒక నియమం ఉంది. ఎండలోంచి వచ్చిన కళ్ళతో నలుపు మీద తీర్పు చెప్పకూడదు. ఆ కళ్ళు అబద్ధమాడతాయి. చీకట్లో ఊరికే కాసేపు కూర్చుని, కళ్ళు కుదుటపడ్డాకే తెర వైపు చూడాలి. ఆయనకి పని నేర్పిన ఉస్తాద్ గోడ వైపు తిరిగి కూర్చుని అంకెలు లెక్కపెట్టేవాడట. మా ఇంట్లో ఆ లెక్క నా మాలతో జరిగేది. నూట ఎనిమిది పూసలూ తిరిగితే కళ్ళు సిద్ధమైనట్టు. "మాలయ్యిందా?" అని ఆయన చీకట్లోంచి అడిగేవారు. అయ్యిందండీ అంటే అప్పుడు స్విచ్చి వేసేవారు. నాకు జపం, ఆయనకి పని. ఒక్క నామం కూడా వృథా పోలేదు అనుకునేదాన్ని.

తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన రోజులవి. ఒక మధ్యాహ్నం డిగ్రీ చదివే కుర్రాడొకడు టీవీ భుజాన పెట్టుకుని వచ్చాడు. ఖాజాగూడలో రాళ్ళ గుట్ట దగ్గర తల్లితో కిరాయి గదిలో ఉంటాడు. వాళ్ళది పాలమూరు పక్క పల్లె. తండ్రి లేడు. తల్లి హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులు కడుతున్నప్పుడు ఇసుక మోసింది, కట్టడం అయ్యాక అందులోనే ఒకదాంట్లో హౌస్ కీపింగ్‌లో చేరి ఊడుస్తోంది. ఆఫీసులో ఫ్రేము మూల పగిలిందని గోడ మీంచి దించేసిన టీవీని ఆమెకిచ్చారు. బొమ్మ బాగానే వస్తోంది. పిల్లవాడికి ఉన్న బాధ వేరు.

"నలుపు నల్లగ లేదన్నా. పొగ సూరినట్టుంది. ఎందుకు?"

అన్నేళ్ళలో షాపుకొచ్చి నలుపు గురించి అడిగినవాడు వాడొక్కడే. మావారి మొహం చూడాలి అప్పుడు. అరగంట కూర్చోబెట్టి దీపాలూ తలుపులూ అన్నీ చెప్పారు. కుర్రాడు సన్నగా పొడుగ్గా ఉండేవాడు, బరువులు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉండేది. నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆ గ్లాసు బోర్లించడం నాకు బాగా గుర్తుండిపోయింది.

తరవాత రెండు నెలలకి, మావారు మా మామగారి తద్దినానికని ఊరెళ్ళారు. ఆయన అక్కడుండగానే ఇక్కడ బంద్ పడింది. బస్సులాగిపోయాయి. నేను ఒక్కదాన్నే షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను. మా రోడ్డు మీద ఎప్పుడూ ఆఫీసు క్యాబుల మోత. ఆవేళ కుక్క నడిచినా గోళ్ళ చప్పుడు వినిపిస్తోంది. మనిషన్నవాడు లేకపోయినా దూరంగా అద్దాల బిల్డింగుల్లో మాత్రం అంతస్తుకి అంతస్తు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆర్పేవాళ్ళు కూడా రాలేదన్నమాట.

పదింటప్పుడు షట్టర్ కింద రెండు పాదాలు వచ్చి ఆగాయి. చెప్పుల్లేవు. దుమ్ము మోకాళ్ళ దాకా ఉంది. వంగి చూస్తే ఒకామె, నెత్తి మీద దుప్పట్లో చుట్టిన టీవీ. ఖాజాగూడ నుంచి ఎండలో నడిచొచ్చింది. నెల ముందు మార్కెట్లో పిల్లవాడు చూపించాడు కాబట్టి ఆమె ఆ కుర్రాడి తల్లి అని గుర్తుపట్టాను. లోపలికి రా అక్కా అని టీవీ దించుకుని మంచినీళ్ళిచ్చాను.

కొడుకు మొన్న సాయంత్రం ఊరేగింపుకని వెళ్ళాడట. రాలేదు. ఫోను కలవడం లేదు. వాడితో వెళ్ళినవాళ్ళు, లాఠీచార్జి జరిగాక చెదిరిపోయాం, వాడెటు పోయాడో తెలీదన్నారు. ఆ రాత్రే టీవీలో బొమ్మ పోయింది, మాటలు మాత్రం వస్తున్నాయి. ఆమె స్టేషన్‌కి వెళ్ళి అడిగితే పట్టుకొచ్చినవాళ్ళలో ఆ పేరు లేదన్నారు.

"ఇగ దవాఖానలు మిగిలినయ్ చెల్లె" అంది. "ఆడ తిరగాలె. లేకపోతే వార్తల్ల వాడు ఏడనన్న కనపడాలె. ఆడికి పోయేముందు ఒక్కసారి ఈ టీవీల చూస్త. జర బొమ్మ తెప్పియ్యి."

బొమ్మ తెప్పించే పరిస్థితి లేదు. దీపాల పట్టీ కాలిపోయిందని విప్పకుండానే తెలిసింది. కొత్త పట్టీ కావాలంటే కోఠీలో సామాన్ల గల్లీకి వెళ్ళాలి. అదీ మూసే ఉంది. కాని మా పనిలో ఒక ఉపాయం ఉంది. వెనక దీపం చచ్చిపోయినా బొమ్మ చావదు. తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటాయి, చూపించే వెలుగు లేదంతే. నల్లటి తెర మీద టార్చి వాల్చి కొడితే ఆ వెలుగు పడ్డ మేర, పళ్ళెమంత గుండ్రంగా, బొమ్మ మసకగా కదుల్తుంది. మెకానిక్కులు పట్టీ పోయిందో తెర పోయిందో తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చూసే చూపు అది. దాంతో వార్తలు చూడొచ్చని ఎవరూ అనుకోరు.

నల్ల గదిలో బల్ల మీద టీవీ పెట్టి కేబుల్ తగిలించాను. ఏమీ లేని నలుపులోంచి ఒక్కసారిగా జనం అరుపులు, నినాదాలు, సైరన్లు. గది ఖాళీ, గొంతులు వేలు. ఆమె నా చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి ఇంకా ఎండ వేడిగా ఉంది. టార్చి వెలిగించి తెర మీద వాల్చాను.

మొదట ఒక మోచెయ్యి కనపడింది. తరవాత జెండా గుడ్డ. తరవాత పరిగెత్తే కాళ్ళు. ఏ ఛానెల్ తిప్పినా అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు: సాయంకాలం, ఏదో కాలేజీ గేటు, పొగ, కుర్రాళ్ళు అటూ ఇటూ పరుగులు. టార్చి వెలుగుని ఆమె చెప్పినట్టల్లా జరుపుతున్నాను, ఇటు, ఇంక కొంచెం ఇటు, పైకి. గేటు కమాను కింద చీకట్లో ఒకడు నిలబడి ఉన్నాడు. అందరూ పరిగెడుతుంటే వాడొక్కడూ కదలడం లేదు.

"మావోడే" అంది ఆమె. అని నా వైపు తిరిగింది. చీకట్లో మొహం కనపడకపోయినా తిరిగిందని తెలిసింది. "నువ్వు చూసినవ్ గద వాణ్ణి. వాడేనా, చెల్లె?"

మేమిద్దరం అప్పుడే పగటి వెలుతురులోంచి వచ్చాం. మాల నా కొంగుకి ముడేసి ఉంది, ఒక్క పూస తిరగలేదు. నాకు కనపడింది బూడిదరంగు మచ్చ, అది మనిషన్న మాటే తప్ప ఇంకేమీ తెలీలేదు. కాని ఆ వేడి చెయ్యి. ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో మాలాంటి కోస్తా వాళ్ళం ఇక్కడివాళ్ళు ఏమడిగినా అవునని కాస్త తొందరగా అనేవాళ్ళం. కాదంటే ఎటు పోతుందో అని.

"అవునక్కా, వాడే" అన్నాను.

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. నిలబడ్డాడు కదా, కాళ్ళ మీద ఉన్నాడు కదా, ఎక్కడో దాక్కుని ఉంటాడు, గొడవ తగ్గాక వస్తాడు అని తనలో తాను చెప్పుకుంది. దవాఖాన ఊసు మళ్ళీ ఎత్తలేదు. నా అన్నం పంచి పెడితే తింది. తిన్నాక మళ్ళీ చూద్దాం అంది.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పొద్దున రావడం, గదిలో కూర్చోవడం, ఆ దృశ్యం ఎప్పుడొస్తుందా అని గొంతులు వినడం. నేను వంట చేసుకుంటుంటే టార్చి ఆమె చేతికే ఇచ్చేదాన్ని. గది పక్కనే ఉన్న మా వంటింట్లోకి వినపడేది. "అంగి మాసింది గదరా" అనేది. "గట్ల నిలబడకు, కాళ్ళు గుంజుతయ్, కూసో." నిజంగా ఎదురుగా ఉన్నవాడితో అన్నట్టే, కసురుతూ. ఒకసారి చిన్నగా నవ్వింది కూడా. పప్పు కలుపుతున్న గరిటె నా చేతిలో ఆగిపోయింది.

రెండో రోజు ఆమె వెళ్ళాక నేనొక్కదాన్నే ఆ గదిలోకి వెళ్ళాను. ప్లగ్గు పీకేసి, తలుపేసుకుని, సరిగ్గా మాల తిప్పుదామని కూర్చున్నాను. యాభై పూసలు దాటాక కళ్ళు తెరిస్తే, టీవీ ఉండే వైపు, ఆ ఎత్తులోనే, నిలువుగా ఒక తెల్లటి మరక. మనిషంత సన్నంగా. రెప్ప వేస్తే పోయి, మళ్ళీ మెల్లగా వచ్చి నిలబడింది. చాలాసేపు టార్చి చూసిన కళ్ళకి అలా అవుతుందని నాకు తెలుసు. తెలిసినా మాల పూర్తి చెయ్యలేకపోయాను. తాతయ్య మాల ఇచ్చాక అది మధ్యలో ఆగడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం మావారు ఫోన్ చేశారు. రేపు తెల్లవారుజామున బెజవాడలో రైలుందట. టీవీ సంగతి చెప్పాను. ఈ రాత్రికే అక్కడికి చేరి దీపాల పట్టీ కొనుక్కొస్తానన్నారు. టార్చితో చూస్తున్నామనీ, పిల్లవాడు కనపడ్డాడనీ చెప్పాను. మాలయ్యాకే చూశావా అని ఆయన అడిగారు. ఆఁ అన్నాను. అది రెండో అబద్ధం.

మూడో రోజు మధ్యాహ్నానికి ఆయన లింగంపల్లిలో దిగి నడుచుకుంటూ వచ్చారు. పట్టీని మడత పంచెలో చుట్టి తెచ్చారు. అన్నం కూడా తినకుండా టీవీ విప్పారు. ఆమె పక్కనే కూర్చుని చేతులకేసి చూస్తోంది. అద్దం లేపారు, కాగితాల్లాంటి తెల్ల పొరలు ఒక్కొక్కటీ తీసి గుడ్డ మీద పెట్టారు, కాలిన పట్టీ తీసి కొత్తది అతికించారు, మళ్ళీ అన్నీ పేర్చి స్క్రూలు బిగించారు. స్విచ్చి వేస్తే గదంతా తెల్లబడింది. మూడు రోజుల చీకటి తరవాత ఆ వెలుగు కళ్ళల్లో గుచ్చుకుంది.

అప్పటికి ఛానెళ్ళన్నీ ఆ దృశ్యం మానేశాయి. ఒక్క ఛానెల్ మాత్రం గంటకోసారి వేస్తోంది. కూర్చున్నాం. వచ్చింది. పొగ, జెండాలు, అంగీల రంగులు, అన్నీ జిగేలుమంటున్నాయి. కమాను కింద ఎవరూ లేరు. అక్కడ చీకటి ఉండాల్సిన చోట బూడిద పరుచుకుని ఉంది, పొగమంచులాగా. వాడు లేడు.

ఆమె లేచి తెర దగ్గరికెళ్ళి ఆ చోట వేలితో తడిమింది. మావారి వైపు తిరిగింది.

"ఆంధ్ర లైట్లు తెస్తివి గదన్నా. మా పోరగాండ్లు ఏం కనపడ్తరు?"

ఆయన ఏమంటారోనని భయపడ్డాను. ఆయన మాత్రం, నిజమేనమ్మా, లైటు ఎక్కువైంది, వెలుగెక్కువైతే చీకట్లో ఉన్నవాళ్ళు పోతారు, మీ అబ్బాయికి కూడా ఇదే చెప్పాను అన్నారు. కొడుకు మాటెత్తేసరికి ఆమె కూర్చుంది. ఆయన మూల దగ్గర స్క్రూలు సగం వదులు చేశారు, మరీ బిగిస్తే అక్కడినుంచి వెలుగు కారుతుందని. వెనక దీపాన్ని బాగా తగ్గించారు. చూడ్డానికి వీల్లేకుండా టీవీ మీద దుప్పటి కప్పి, తలుపు మూసి, నాతో అన్నారు:

"మాల తియ్యి."

ముగ్గురం చీకట్లో కూర్చున్నాం. దుప్పటి కింద ఎవరో వార్తలు చదువుతున్నారు. నేను పెదాలు కదుపుతూ పూసలు తిప్పుతున్నాను. ఇరవై, ముప్ఫై. పక్కన ఆమె కూడా ఏదో అంటోంది, వాళ్ళ ఊరి దేవత పేరు కాబోలు. ఆ మూడు రోజుల్లో ఆమె కూడా దణ్ణం పెట్టుకుంటూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. నూట ఎనిమిది అయ్యాక, అయ్యిందండీ అన్నాను. ఆయన దుప్పటి తీశారు.

గంట తిరిగి మళ్ళీ ఆ దృశ్యం వచ్చింది. ఈసారి నలుపు నలుపుగా ఉంది. కమాను కింద చీకటి బావిలాగా ఉంది. ఆ చీకట్లోంచి, మొదట భుజాలు, తరవాత మొహం, మెల్లగా మనిషి తేలాడు. నేను చూస్తూ ఉండగా పైకొచ్చినట్టు. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. ఒత్తుగా గడ్డం. ఎవరో తన మొహాన టార్చి కొడుతున్నట్టు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి మా వైపే చూస్తున్నాడు.

కెమెరా లైటు పడి ఉంటుంది. అంతే అయ్యుంటుంది. కాని మూడు రోజులు అతని మొహాన టార్చి పట్టుకున్నది మేమే కదా. నా చేతిలో మాల జారి ఒళ్ళో పడింది.

దృశ్యం పోయింది. నేను ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాను. ఇప్పుడది చల్లగా ఉంది.

"అక్కా, మీవాడు కాదక్కా. నేను కళ్ళు కుదరకముందే అవునన్నాను. తప్పు చేశాను."

ఆమె తెర వైపే చూస్తూ చెయ్యి నాకే వదిలేసింది.

"నాకు ముందుగాల్నే ఎరుక, చెల్లె" అంది. "కన్నదాన్ని, నాకు ఎరుక గాదా? వాడు ఆడ నిలబడ్డన్ని దినాలు నేను దవాఖానకు పోయే పని లేకుండె. నువ్వు అవునంటే అదే పట్టుకున్న."

మావారు లేచి తలుపు తీశారు. పద వెళ్దాం అన్నారు, ఆమెతోనా నాతోనా అని చూడకుండా.

బంద్ అప్పటికి సడలింది. కొత్తగూడ చౌరస్తాలో ఒక ఆటో దొరికింది. మొదటి దవాఖానలో లేడు. అక్కడ ఆమె లోపలికి రానంది, మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూసి రమ్మంది. మేం తల అడ్డంగా ఊపుకుంటూ బయటికొస్తే, అది మంచి కబురో చెడ్డ కబురో తెలీకుండానే ముగ్గురం మళ్ళీ ఆటో ఎక్కాం. రెండోది ఊళ్ళో పెద్ద దవాఖాన. పేరు లేకుండా చేరినవాళ్ళ వివరాలు ఒక సిస్టరు చదువుతుంటే, పొడుగు, పంతొమ్మిది ఇరవై ఏళ్ళు, తలకి దెబ్బ అన్నచోట ఆమె నాకంటే ముందు నడిచింది.

వార్డు చివర కిటికీ పక్కన ఉన్నాడు. తలకంతా కట్టు. ఎడమ భుజం పక్క మీద కూడా కిందికే వాలి ఉంది. నిన్నటిదాకా స్పృహ సరిగ్గా లేదట. నిన్నటినుంచి అమ్మా అమ్మా అంటున్నాడట, అమ్మ పేరూ ఊరూ అడిగితే చెప్పలేకపోయాడట. సిస్టరు మామూలుగానే చెప్పింది. నిన్నటినుంచి అన్న మాట మాత్రం నాలో ఎక్కడో దిగి ఇప్పటికీ అక్కడే ఉంది. నిన్న వాడు అలా పిలుస్తున్న వేళకి మేం పప్పన్నం తింటున్నాం.

ఆమె ఏడవలేదు. మంచం పట్టె మీద కూర్చుని వాడి పాదాలు పట్టుకుని చూసింది, రెండూ ఉన్నాయా అన్నట్టు. వాడు కళ్ళు విప్పాడు. వెంటనే చెయ్యి లేపి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

"టార్చి కొట్టకే అమ్మా" అన్నాడు. "మూడు దినాల సంది కొడుతున్నరే. కండ్లు మండుతున్నయ్."

నేను మావారి వైపు చూశాను. ఆయన సిస్టరు వైపు చూశారు. తలకి దెబ్బ తగిలినవాళ్ళ కళ్ళల్లో గంట గంటకీ టార్చి వేసి చూస్తామని ఆమె చెప్పింది. అందరికీ అలాగే చేస్తారట. నేను తలూపాను. అందులో వింతేమీ లేదు. ఆ వార్డులో నా మెడ వెనక చల్లగా అయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను.

పిల్లవాడు కోలుకున్నాడు. నెల తిరిగేసరికి వాడే వచ్చి టీవీ తీసుకెళ్ళాడు, ఈసారి కుడి భుజం మీద. ఆ కాలేజీ గేటు దగ్గర నువ్వున్నావా అని అడిగితే, అటు పోనే లేదు, నాకు దెబ్బ తగిలింది వేరే చోట అన్నాడు. గడ్డం కుర్రాడి సంగతి చెబితే ఎవరో తెలీదన్నాడు. ఆ దృశ్యం తరవాత ఏ ఛానెల్లోనూ రాలేదు. అతనికీ ఒక తల్లి ఉండి ఉంటుంది. ఆ మూడు రోజులూ ఆమె ఏ తెర ముందు కూర్చుందో, ఆమెకి అవునని చెప్పినవాళ్ళెవరో. మేం అతన్ని వాడుకున్నాం, అడక్కుండా. ఖాజాగూడ అక్క తన కొడుకుని కళ్ళారా చూసేదాకా ఆమెని నిలబెట్టినవాడు అతనే. సంజె దీపం దగ్గర మా వాళ్ళ పేర్లన్నీ చెప్పుకున్నాక, పేరు తెలీని అతనికోసం ఒక నమస్కారం పెడతాను.

ఖాజాగూడ అక్క వాళ్ళ టీవీలో వెనక దీపం ఇప్పటికీ ఆయన తగ్గించిన చోటే ఉంది. కొడుకు పెంచబోతే చెయ్యి మీద కొట్టిందట. చీకటి చీకటిగానే ఉండనియ్యి అందట.

నేను మళ్ళీ మాల మధ్యలో ఆపలేదు. బ్యాక్‌లైటు పోయిన టీవీ ఎప్పుడైనా వస్తే, తలుపు మూసి, నూట ఎనిమిదీ పూర్తి చేసి, అప్పుడే టార్చి తీస్తాను. అదీ నేరుగా కొట్టను. వేళ్ళు అడ్డం పెట్టి, వెలుగు సగం చేసి, తెర అంచునుంచి మెల్లగా లోపలికి తెస్తాను. అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో ముందే తెలీదు కదా.